సెట్టు చల్లారేదాకా

తుపానుకు ఫోన్లు మూగబోయిన రోజున, నరసాపురం వైపున్న మా మండలాఫీసుకు హ్యామ్ రేడియో పట్టుకొచ్చిన రిటైర్డ్ ఫిజిక్స్ మాస్టారి మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఒక కబురు చెప్పగానే ఆపేసి, సెట్టు మీద చెయ్యి ఆనించి, “వేడెక్కిందండి, చల్లారనివ్వండి” అనేవారు. సెట్టు పనిచెయ్యక నాటకమాడుతున్నారేమో అనిపించేది.

మధ్యాహ్నం ఒకతను ఈదుకుంటూ వచ్చాడు. నీళ్లలో చిక్కుకున్న ఊళ్లో అతని భార్యకు నొప్పులు మొదలయ్యాయి, వెంటనే బోటు కావాలి. మాస్టారు అప్పుడు కూడా చెయ్యి ఆనించి చూసి, పేపరు మడిచి సెట్టుకు గాలి విసరడం మొదలుపెట్టారు.

“ఏంటండీ ఇది? అక్కడ ప్రాణం పోతుంటే!” అన్నాను.

“పొద్దుట్నుంచీ ఆపకుండా వాడుతున్నామండి. ఇప్పుడిది కాలిపోతే ఆ అమ్మాయికి దిక్కుండదు. రెండు నిమిషాలాగండి.”

నేనాగలేదు. పక్కగదిలోకెళ్లి, “ఆయన మనల్ని మోసం చేస్తున్నాడండి” అని తహసీల్దారుగారికి చెప్పేశాను. మాస్టారికి వినబడే ఉంటుంది. మేమిద్దరం తిరిగొచ్చేసరికి రేడియోలో ఎవరిదో గొంతు స్పష్టంగా పలుకుతోంది: “బోటు బయల్దేరిందండి.”

సాయంత్రానికి తల్లీబిడ్డా క్షేమంగా ఒడ్డు చేరారు. ఆఫీసు మనిషినని ఆ భర్త నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. మాస్టారు పక్కనే వైర్లు చుట్టుకుంటున్నారు. దండం పెట్టాల్సింది ఆయనకని చెప్పడానికి నాకు నోరు రాలేదు.