ఆ మొదటి గుక్క నా చేత్తోనే

ఆ ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి చరణ్ స్నేహితుడి పుట్టినరోజు విందుకి వెళ్ళి, ఒక్కడే ఆటోలో తిరిగొచ్చాడు. వాకిట్లో చెప్పులు విడవలేక గోడ పట్టుకున్నాడు. వడదెబ్బ అనుకున్నాం. మా ఆవిడ రమణి మజ్జిగ పట్టింది. రెండు గుక్కలు తాగి మంచం మీద వెల్లకిలా పడిపోయాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. చేతులు చల్లబడ్డాయి.

వాడికప్పుడు పదిహేడేళ్ళు, ఇంటర్ సెకండియర్. నేను రామచంద్రపురంలో లెక్కల మాస్టారిని. పక్కింటివాళ్ళ కారులో రాజమండ్రి తీసుకెళ్ళాం. క్యాజువాల్టీలో డాక్టరమ్మ వాడి మీదికి వంగి చూసి, ఏం తాగాడని అడిగారు. మాస్టారి కొడుకండి, వాడికా అలవాటు లేదండి అన్నాను.

"పరువు సంగతి తర్వాత చూసుకుందాం మాస్టారూ. ఏం తాగాడో, ఎంత తాగాడో తెలిస్తే మాకు పని తేలికవుతుందండి," అన్నారావిడ.

రమణి ఆ స్నేహితుడికి ఫోన్ చేసింది. పందెం వేసుకుని నీళ్ళు కలపకుండా బ్రాందీ తాగారని వాడు ఏడుస్తూ చెప్పాడు. అది ఆల్కహాల్ పాయిజనింగ్. షుగర్ బాగా పడిపోయింది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పిరేషన్ న్యుమోనియా వచ్చింది. మత్తులో ఉన్న మనిషి నోట్లో ఏమీ పోయకూడదని, పక్కకి తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి తేవాలని డాక్టరమ్మ చెప్పారు. మేం చేసినవన్నీ దానికి విరుద్ధమే.

రెండో రోజు ఎక్స్‌రే మొదటిదానికన్నా అధ్వాన్నంగా ఉంది. వెంటిలేటర్ అవసరం పడొచ్చని నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఆ అవసరం రాలేదు. మూడో రోజు జ్వరం తగ్గింది, అమ్మా అని పిలిచాడు. పరామర్శకి వచ్చిన చుట్టాలకి మాత్రం ఫుడ్ పాయిజన్ అని చెప్పాను.

డిశ్చార్జికి ముందు సైకియాట్రిస్టు గారు వచ్చారు. అప్పటికి ఏడాదిగా ఆదివారాలు తాగుతున్నాడని ఆయన అడిగితేనే బయటపడింది. మొట్టమొదట ఎప్పుడు తాగావని అడిగారు. చరణ్ నా వైపు చూసి తల దించుకున్నాడు.

"ఎయిత్ క్లాసులోనండి. మావయ్య పెళ్ళిలో. నాన్న ఇచ్చారు."

నిజమే. బావమరిది పెళ్ళిలో మేమంతా మేడ మీద కూర్చున్నాం. నా బీరు గ్లాసు వాడి నోటికి అందించాను. చేదుకి వాడు మొహం చిట్లిస్తే అందరూ నవ్వారు. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

అది తెలిసి కూడా ఇంటికొచ్చాక నేను పోలీసునే అయ్యాను. ఫోన్ లాక్కున్నాను, బండి తాళం దాచేశాను, కాలేజీకి నేనే దింపి తెచ్చేవాణ్ణి. నెలన్నర తిరక్కుండానే మళ్ళీ వాసన వచ్చింది. చెయ్యెత్తితే రమణి అడ్డుపడింది. రివ్యూకి వెళ్ళినప్పుడు సైకియాట్రిస్టు గారు అంతా విని, "కాపలా బాగానే కాస్తున్నారు. వాడితో మాట్లాడుతున్నారాండి?" అని అడిగారు.

మర్నాడు సాయంత్రం కాలవ గట్టు మీద ఇద్దరం నడిచాం. "తప్పు నాతో మొదలైందిరా. నేనూ మానేస్తున్నాను. ఎక్కడ ఇరుక్కున్నా నాకు ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను. ఆ రోజు ఏమీ అడగను," అన్నాను. నాలుగడుగులు వేసి, ఆగి నా వైపు తిరిగాడు. "మీరు నిజంగా మానేస్తారా నాన్నా?" అన్నాడు.

మానేశాను. వాడు కౌన్సెలింగుకి క్రమం తప్పకుండా వెళ్ళాడు. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ద్రాక్షారామం నుంచి ఫోన్ చేశాడు. తాగలేదు, స్నేహితులు బలవంతపెడుతున్నారట. బండి మీద వెళ్ళాను. దారంతా నా భుజం మీద చెయ్యేసి కూర్చున్నాడు. ఆ రోజు నేనేమీ అడగలేదు. మర్నాడు వాడే అన్నీ చెప్పాడు.

ఇప్పుడు చరణ్ డిగ్రీ చదువుతున్నాడు. ఊపిరితిత్తులు బాగున్నాయి. ఆదివారం పూట నేను రొయ్యలు తెస్తే వాడే ఒలిచి, వాళ్ళమ్మని పక్కన కూర్చోబెట్టి ఇగురు పెడతాడు. ఉప్పు ఎక్కువైనా తింటాం. ఇల్లు తేలికపడింది.

తోటి తల్లిదండ్రులకి ఒక్క మాట. సరదాకైనా పిల్లల నోటికి గ్లాసు అందించకండి. ఇప్పటికే అందించి ఉంటే, తప్పు చేశానని వాళ్ళతోనే చెప్పండి. నేను నాలుగేళ్ళు ఆలస్యంగా చెప్పాను. అయినా మావాడు విన్నాడు.