నాన్న బీపీ నోటుబుక్కు

నా నోరు మంచిది కాదు. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు, నేనే ముందు చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. స్కూల్లో లెక్కలు చెప్పి చెప్పి గొంతు పెరిగిందని అమ్మ నన్ను వెనకేసుకొచ్చేది. అబద్ధం. చిన్నప్పటి నుంచీ ఇంతే.

కరోనా వచ్చిన మొదటి ఏడాది రాయ్‌పూర్ ఇంట్లో మేం ముగ్గురమే: రైల్వేలో గార్డుగా రిటైరైన నాన్న, అమ్మ, నేను. వాళ్లిద్దరికీ బీపీ. ఇద్దరిదీ ఒకే మాత్ర. రైల్వే ఆసుపత్రిలో కార్డు చూపిస్తే ఎవరి పేరు రాసిన కవర్లో వాళ్లవి ఇచ్చేవారు. లాక్‌డౌన్‌కి ముందు రెండు నెలలకి సరిపడా తెచ్చుకున్నాం. అయినా మా ఇంట్లో బీపీ అంటే నాన్న బీపీయే. ఆయన ఒకసారి ప్లాట్‌ఫారం మీద కళ్లు తిరిగి పడిపోయాడు మరి. అమ్మ ఎప్పుడూ పడలేదు.

రోజూ పొద్దున్న నేను మిషను పట్టీ నాన్న చేతికి చుట్టేదాన్ని. అంకెలు పైకి చదివితే అమ్మ పక్కన కూచుని నోటుబుక్కులో రాసేది. "నీకూ చూస్తానుండమ్మా" అంటే, "నాకేటైందే? ముందా టీ తాగు, చల్లారిపోతంది" అనేది. నేను బుద్ధిగా టీ తాగేసేదాన్ని.

ఎండలు ముదిరాక నాన్న అంకెలు పెరిగాయి. డాక్టరు ఫోన్లో, ఇకనుంచి మాత్ర రెండు పూటలా వేసుకోమన్నారు. సరిగ్గా ఆ వారమే మా వీధి చివర ఒకాయనకి కరోనా తేలింది. వీధికి రెండు వైపులా వెదుళ్లు అడ్డంగా కట్టేశారు. గుమ్మంలోంచి తొంగి చూస్తే చాలు, "అందర్ రహో, అందర్!" అని, లోపలే ఉండమని కాపలావాడి కేకలు.

అలాంటప్పుడు ఓ రోజు అమ్మ వంటింట్లోంచి, "ఒసే, జీలకర్ర ఖతం అయిపోనాదే" అంది.

"జీలకర్ర కోసం నన్నా వెదుళ్లు దూకమంటావా? రోగం తెచ్చి మీ ఇద్దరికీ అంటిస్తే అప్పుడు తెలిసొస్తుంది! ఇంకొక్క వస్తువు అయిపోయిందన్నావంటే చూడు!"

పక్కింటివాళ్లు కిటికీ తెరిచేదాకా అరిచాను. నిజానికి నాకు భయం. భయమేస్తే నాకు ఏడుపు రాదు, అరుపే వస్తుంది. అమ్మ జీలకర్ర లేకుండానే పోపు పెట్టింది.

తర్వాత రెండు మూడుసార్లు మాత్రలున్నాయా అని అడిగాను. "బోల్డున్నాయిలేవే" అంది. నోటుబుక్కులో నాన్న అంకెలు దిగుతూ వచ్చాయి. అంతా నా నిర్వాకమేనని తెగ మురిసిపోయాను.

ఆ తర్వాత మూడు వారాలకనుకుంటా, ఒక పొద్దున్న ఎప్పట్లాగే అంకెలు చదివాను. అమ్మ రాయలేదు. పెన్ను ఒళ్లో పడి ఉంది. "ఏంటమ్మా ఆ పరధ్యానం?" అని కసిరాను కూడా. ఆవిడ తలెత్తింది. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. అప్పుడు చుట్టాను పట్టీ అమ్మ చేతికి, మొదటిసారి. పై అంకె రెండువందల ఇరవై.

వెదుళ్లు విప్పి అంబులెన్సుని రానిచ్చారు. బీపీ గోలీ రోజూ వేసుకుంటుందా అని ఆసుపత్రిలో డాక్టరు హిందీలో అడిగారు. "రోజూ వేసుకుంటుంది" అని గట్టిగా చెప్పాను. ఎంత ధీమాగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, నామీద నాకే.

బట్టల కోసం ఇంటికొచ్చి అమ్మ మందుల డబ్బా తెరిచాను. ఖాళీ. నాన్న డబ్బా తెరిస్తే అందులో అమ్మ పేరు రాసిన కవరుంది. నాన్నవి ఎప్పుడో అయిపోయాయి. అమ్మ తనవి మానేసి, రెండు పూటలా ఆయనకి వేస్తూ వచ్చింది.

"మీ యమ్మే నా సేతిలో ఎట్టీది, నేనేసుకునీవోణ్ణి," అన్నాడు నాన్న. "ఎవుల మాత్రో నాకేటి తెలుసమ్మా?" అని గోడకి ఆనుకుని పసివాడిలా ఏడ్చాడు. ఆయన్ని ఏమని తిట్టను? పొద్దున్నే మిషను పట్టుకుని కూచున్నదాన్ని నేను.

అమ్మ బతికింది. కుడి చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. ఇప్పుడు నోటుబుక్కు నేనే రాస్తాను, ముందు అమ్మ అంకెలు, తర్వాత నాన్నవి. నేను పట్టీ చేతిలోకి తీసుకోగానే ఆవిడ ఇంకా ఎడమ చేత్తో నాన్న వైపే చూపిస్తుంది.

మాట ముక్కలు ముక్కలుగా తిరిగొస్తున్న రోజుల్లో ఒకసారి పక్కన కూచుని అడిగాను. "ఫోన్ చేస్తే మందుల షాపువాడు వెదుళ్ల దాకా తెచ్చిచ్చేవాడు కదమ్మా. మాత్రలు అయిపోయాయని ఒక్క ముక్క చెప్పకపోయావా?"

ఆవిడ చాలాసేపు పెదాలు కదిపింది. ఓపిగ్గా కూచున్నాను, ఆ రోజు మాత్రం.

"నువ్వు... అరుత్తావని."