సూరయ్యగారు రాయని గాలి

ఉప్పుటేరు గట్టెక్కగానే తూర్పుగాలి మొహాన కొట్టింది. పెదాలు తడుపుకుంటే ఉప్పగా తగిలింది. సూరయ్యగారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిదివందల యాభైల్లో, మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో, ఆయనిక్కడ నీటిమట్టం చూసే ఉద్యోగం చేశారు. ఏట్లో పాతిన అంకెల పలక చూసి, పొద్దునా సాయంత్రం రిజిస్టర్లో రాయడమే పని. నేనేమో హైదరాబాద్ నుంచి ఏలూరు ఆఫీసుకొచ్చి, సముద్రం పోటు ఈ ఏట్లోకి ఎంత ఎక్కుతుందో ముందే చెప్పే కంప్యూటర్ మోడల్ చేస్తున్నాను. పాత కొలతలంటే ఆయన రిజిస్టర్లే దిక్కు. సరిచూస్తే నా మోడల్ గీసిన గీతా ఆయన అంకెలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎగురుకుంటూ వెళ్ళి ఫోన్లో ఆయనకి చూపించాను.

కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "ఇందులో గాలెక్కడుందండీ?" అన్నారు.

గాలి రోజుల్లో నీళ్ళు వరస తప్పి ఎక్కేవట. అలా రాస్తే, అది తప్పు కొలత, దిద్దమని పై ఆఫీసరు చీవాట్లు పెట్టేవారట. దాంతో ఈయన తిథి చూసుకుని, అమావాస్యకింత, అష్టమికింత అని అరుగు మీద కూర్చుని రాసేశారు. అంటే నా మోడల్ నేర్చుకుంది ఏటిని కాదు, పంచాంగాన్ని.

అబద్ధాలు రాసి జీతం తీసుకున్నారా అని మొహం మీదే అడిగాను. వాళ్ళ కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. ఆయన గొంతు మాత్రం పెరగలేదు.

"అప్పుడు ఆఫీసరుగారికి కుదిరిన అంకెలే కావాల్సొచ్చాయండి. ఇప్పుడు మీరూ కుదిరాయనే కదమ్మా సంబరపడ్డారు?"

ఫోన్ చూసుకుంటూ వచ్చేశాను. మోడల్ని దిద్దాలంటే నెలలు పడతాయి, పైవాళ్ళకి ఆ వారమే చూపించాలి. అలాగే చూపించాను. మెచ్చుకున్నారు.

ఆ ఏడే వాయుగుండం పట్టింది. నీళ్ళు గట్టు దాటవని మోడల్ చెప్పింది, నేను ఊరందరికీ మెసేజ్ పెట్టాను. సూరయ్యగారు గాలి వాటం చూసి, చెరువుల్లో చేపలు పట్టేయండని గట్టంతా తిరిగారట. మీ అంకెలే కదా తాతా కంప్యూటర్లో ఉన్నాయి, మీకే నమ్మకం లేదా అని ఊళ్ళోవాళ్ళు నవ్వారట. ఆయన కొడుకు కూడా నా మెసేజే నమ్మాడు. మధ్యాహ్నానికి గట్టు తెగింది. ఉప్పునీళ్ళు పడి చేపలన్నీ చచ్చి తేలిపోయాయి, సూరయ్యగారి చెరువులోవి కూడా.

క్షమాపణ అడగడానికి వెళితే కుర్చీ వేయించి, ఏ గాలికి నీళ్ళు పలక మీద ఎక్కడిదాకా వచ్చేవో గుర్తున్నంత మటుకు చెప్పారు. మూడు రోజులు రాసుకున్నాను. తిట్టినా బాగుండేది.

గాలి కలిపిన మోడల్ మొదటిసారి సరిగ్గా చెప్పేనాటికి ఆయన లేరు. ఊళ్ళో ఇప్పటికీ, సూరయ్య దొంగ అంకెలు రాయబట్టే మునిగాం అంటారు. పాత కొలతల్లో తప్పులున్నాయని, గట్టు తెగాక ఇచ్చిన రిపోర్టులో రాసింది నేనే. ఆ సంగతి ఆయన నాకు ముందే చెప్పారని మాత్రం అందులో రాయలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.