గోడ మీది స్టీరింగు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం లేదు, కోపమూ లేదు. విసుగు మాత్రం ఉంది. కొవ్వూరులో మా వీధి చివరి ఇంట్లో ఎవరో మూలుగుతున్నారని అందరూ చెప్పుకుంటుంటే, నిచ్చెన వేసుకుని పైకెక్కి, గాలికి ఊగుతున్న రేకుకు స్క్రూలు బిగించి వచ్చినవాణ్ని నేనే. ఆ తర్వాత మూలుగు వినిపించలేదు. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, చేసేది సాగునీటి పంపుల సర్వీసింగ్. చప్పుడు వస్తే దానికి కారణం ఉంటుంది. ఏదైనా కదిలితే దాన్ని కదిపిన బలం ఉంటుంది. ఇప్పటికీ నేను నమ్మేది ఇదే. కాకపోతే ఒక్కచోట ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు దొరకలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా నాన్నగారికి హార్డ్‌వేర్ కొట్టు ఉంది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ఆయన ఒక చిన్న కారు కొన్నారు. బేస్ మోడల్. దాని గురించి రెండు విషయాలు ముందే చెప్పాలి. దానికి ఎయిర్‌బ్యాగ్ లేదు. పవర్ స్టీరింగ్ కూడా లేదు. అంటే స్టీరింగు చక్రాన్ని తిప్పడానికి చేతులే తప్ప మోటారు ఏదీ లేదు. ఈ రెండో విషయం తర్వాత అవసరమవుతుంది.

కిందటేడు వానాకాలంలో నాన్నగారికి పక్షవాతం వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి మాట బాగానే ఉంది. నడక నెమ్మదిగా కుదురుకుంది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. భుజం కొంచెం కదిలేది కానీ వేళ్లు మూసుకునేవి కావు. గ్లాసు ఇస్తే జారిపోయేది. ఇప్పుడప్పుడే కారు నడపవద్దని డాక్టరు గారు చెప్పారు. నాన్నగారు ఆ మాటలో 'ఇప్పుడప్పుడే' అన్నదొక్కటి పట్టుకున్నారు. "ఎప్పటికీ వద్దనలేదుగా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. ఆయన లెక్కలో చెయ్యి బాగుపడడం అంటే మళ్లీ ఆ సీట్లో కూర్చోవడం. ఇంకో అర్థం లేదు.

కారు నా చేతికి వచ్చింది. పోలవరం వైపు పంపుల దగ్గరికి రోజూ ఏటిగట్టు మీదుగా వెళ్లి రావాలి. ఎండలకు స్టీరింగు రబ్బరు పాడైపోయి, పట్టుకుంటే జిగురు అంటుకునేది. తుడిచినా లాభం లేదు, తొడుగు వేస్తే జారేది. అందుకని రాజమండ్రిలో ఒక యాక్సెసరీస్ షాపులో కొత్త చక్రం కొన్నాను. పాతదాని కంటే చిన్నది, తోలు చుట్టినది, నడిమి నుంచి అంచుకు మూడు కాడలున్నది. దాన్ని మా కారు స్టీరింగు రాడ్డుకు కలిపే అడాప్టర్ కూడా తీసుకున్నాను.

ఆ పని నేనే చేసుకున్నాను. ముందు టైర్లు తిన్నగా పెట్టి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశాను. హారన్ మూత ఊడదీసి, మధ్య నట్టు విప్పి, పుల్లర్‌తో పాత చక్రం లాగాను. కొత్తది బిగించాక రాడ్డు మీద నుంచి అడాప్టర్ మీదుగా చక్రం దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. చక్రం ఎప్పుడైనా పట్టు తప్పి జారితే ఆ గీత విరిగి కనిపిస్తుంది. ఈ గీత కూడా తర్వాత అవసరమవుతుంది.

ఇదంతా నాన్నగారు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూశారు.

"అది బాగానే ఉందిగా" అన్నారు.

"జిగురొచ్చేసింది నాన్నగారూ. చేతికంటుకుంటోంది."

"నా చేతికెప్పుడూ అంటుకోలేదే. అయితే నేనిక తోలనని తేల్చేశావన్నమాట" అన్నారు.

అమ్మ లోపలి నుంచి, "ముందు కాఫీ గ్లాసు ఒలక్కుండా పట్టుకోండి మహానుభావా, కారు తర్వాత పట్టుకుందురు గాని" అంది. ఆయన నవ్వారు. నా వైపు మాత్రం చూడలేదు.

పాత చక్రం పారేయడానికి నాకూ మనసొప్పలేదు. దసరాకు పూజ చేసినప్పుడు నాన్నగారు కట్టిన పసుపు దారం దాని కాడకు అలాగే ఉంది. అదే వారం ఫిజియోథెరపీ చేసే మేడమ్ వచ్చి, వాళ్ల క్లినిక్‌లో గోడకు బిగించిన చక్రం లాంటిది ఇంట్లోనూ ఉంటే భుజానికి మంచిదన్నారు. నాకు వెంటనే తట్టింది. కొట్లోంచి ఒక బేరింగు, చిన్న రాడ్డు, ఇనుప పట్టీ తెచ్చి, వరండా గోడకు ఆ చక్రాన్నే బిగించాను. రబ్బరు జిగురు చేతికి అంటకుండా గుడ్డపేలిక చుట్టాను. వెనకాల ఒక స్ప్రింగు, బోల్టు పెట్టాను. బోల్టు బిగిస్తే తిరగడం బరువవుతుంది, వదులు చేస్తే తేలికవుతుంది. నాన్నగారి కోసం బాగా తేలికగా పెట్టాను.

మేడమ్ చెప్పింది గుండ్రంగా తిప్పమని. నాన్నగారు అలా తిప్పలేదు. తోలారు. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి చక్రం మీద పెట్టి, అటు కొంచెం ఇటు కొంచెం సర్దుతూ, మలుపు రాగానే తిప్పుతూ, మళ్లీ తిన్నగా తెస్తూ కూర్చునేవారు. నేను పొద్దున్న బయలుదేరగానే ఆయనా మొదలుపెట్టేవారు. అమ్మ కూరగాయలు తరుగుతూ ఆటపట్టించేది.

"ఎందాకా వచ్చామండీ?"

"తాళ్లపూడి దాటాం."

"నాకక్కడ దొండకాయలు కొనాలి, ఆపండి."

"నీకోసం ఆపితే మధ్యాహ్నానికి కూడా చేరం."

ఒకరోజు సరదాగా అమ్మ అప్పుడే నాకు ఫోన్ చేసింది. నేను తాళ్లపూడి దాటి కొంచెం ముందుకు వచ్చి ఉన్నాను. ఇందులో వింతేమీ లేదు. నేను బయలుదేరిన వేళ ఆయనకు తెలుసు, ఆ రోడ్డు తెలుసు, నా వేగం తెలుసు. ఎవరైనా చెప్పగలరు.

ఇంకోరోజు తాళ్లపూడికి ఇవతల టైరు పంక్చరైంది. స్టెప్నీ మార్చుకున్నాను. ఇంటికి ఫోన్ చేయలేదు. సాయంత్రం అమ్మే అంది, "మీ నాన్నగారు పొద్దున్న మధ్యలో ఆపేసి కూర్చున్నారురా. చెయ్యి నొప్పా అంటే, కాదు, బండి ఆగింది అంటారు." ఆయన అలిసిపోయి ఉంటారు, అది నా పంక్చరుతో కలిసింది. అలాగే అనుకున్నాను. ఆ రోజున వేరే విధంగా అనుకోవడానికి నాకు కారణం లేదు.

అసలు సంగతి చలికాలంలో జరిగింది. అకాలంగా రెండు రోజులు వాన కురిసి వెలిసింది. ఆ పొద్దున్న గోదావరి మీద మంచు దట్టంగా పట్టింది. గట్టు మీద కారు ముందు భాగం తప్ప ఏమీ కనిపించడం లేదు. నెమ్మదిగానే వెళుతున్నాను. కుడి వైపు ఏరు, ఎడమ వైపు కింద పొలాలు.

ఉన్నట్టుండి ఎదర గడ్డి లోడు ట్రాక్టరు కనిపించింది. నేను వెళ్లే పక్కనే ఆగి ఉంది. వెనక లైటు లేదు. దాని కుడి పక్క నుంచి పోదామంటే అవతల మంచులో ఒక లైటు వెలుగుతోంది. ఎదురుగా ఏదో బండి వస్తోందనుకున్నాను. ఇక మిగిలింది ఎడమ పక్క మట్టి అంచు. బ్రేకు తొక్కాను, తడికి కారు జారుతోంది. ఎడమ చెయ్యి గేరు మీద ఉంది. కుడి చేత్తో చక్రాన్ని ఎడమకు లాగాను.

చక్రం కుడికి తిరిగింది.

నేను కంగారులో తిప్పి మర్చిపోయిన విషయం కాదిది. నేను ఎడమకు లాగుతూనే ఉన్నాను. నా పట్టులోంచి అది కుడికి తిరిగింది. కాడ కింద ఉన్న నా బొటనవేలు మీదకు కాడ దిగి వేలు వెనక్కి విరుచుకుపోయింది. కారు ట్రాక్టరు కుడి పక్క నుంచి గడ్డిని రాసుకుంటూ దూసుకుపోయింది. ఆ తర్వాత చక్రం తేలికైపోయింది. కారు తిన్నగా పెట్టుకుని ఆపాను.

అవతల వెలుగుతున్నది ఎదురొస్తున్న బండి కాదు. వచ్చేవాళ్లకు తెలియాలని ట్రాక్టరు వాళ్లు లైటు వేసి నిలబెట్టిన మోటారు సైకిలు. వాళ్లలో ఒక పెద్దాయన నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఎడం పక్కకి రాలేదు, అదృష్టమండీ బాబూ! అటు గట్టే లేదు."

దిగి చూశాను. వానకు గట్టు అంచు జారిపోయింది. ట్రాక్టరు వెనక చక్రం అందులో దిగబడే అక్కడ ఆగిపోయింది. పైన గడ్డి పడి ఉండడంతో నేల ఉన్నట్టే కనిపించింది. గడ్డి కింద ఏమీ లేదు. నేను లాగిన వైపు వెళ్లి ఉంటే పొలంలోకి తిరగబడేవాణ్ని.

నేనింకా అక్కడే నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అమ్మ.

"వాసూ, బాగానే ఉన్నావా నాన్నా? ఏమైనా అయిందా?"

"ఏం కాలేదమ్మా. ఎందుకలా అడుగుతున్నావు?"

"మీ నాన్నగారు..." అని ఏడ్చేసింది.

అమ్మ తర్వాత చెప్పింది ఇది. ఆయన మామూలుగానే కూర్చుని తిప్పుతున్నారు. ఉన్నట్టుండి "అటు కాదు, అటు కాదు" అని అరిచి, కుర్చీలోంచి లేచి, రెండు చేతులతో చక్రాన్ని కుడికి తిప్పేశారు. అమ్మ పరుగెత్తుకెళ్లి పట్టుకుంది. అప్పుడు చూసిందట, ఎడమ చేతి వేళ్లు అయిదూ చక్రం చుట్టూ మూసుకుని ఉన్నాయి. ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. పసుపు దారం తెగి కింద పడింది.

ఆ వారమంతా నేను కారు కింద గడిపాను. ముందు పెయింటు గీత చూశాను. విరగలేదు. అంటే కొత్త చక్రం అడాప్టర్ మీద జారలేదు, రాడ్డుతో సహా తిరిగింది. తర్వాత రాడ్డు కింది జాయింట్లు, టైర్లను తిప్పే ర్యాకు, టైర్ల గాలి, బేరింగులు చూశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. గుంతలో టైరు పడి చక్రాన్ని గుంజేసిందా? పడితే ఎడమ టైరు పడాలి, అప్పుడు చక్రం ఎడమకే పోతుంది. బ్రేకులు కుడి వైపు ఎక్కువ పట్టాయా? ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో, అదే తడిలో పదే పదే తొక్కి చూశాను. కారు తిన్నగానే ఆగింది. నా చెయ్యే భయంతో తిప్పిందా? ఇది అన్నిటి కంటే తేలికైన సమాధానం. చాలాసార్లు దీంతోనే సరిపెట్టుకోవాలని చూశాను. కానీ నా చెయ్యే తిప్పితే కాడ నా బొటనవేలి మీదకు దిగదు, వేలు కాడను తోస్తుంది. వేలు కమిలింది కాడ దిగిన వైపే.

నాన్నగారికి వరండాలో కూర్చునే ఏదో తెలిసిందని అనుకుందాం. తెలియడం వేరు, తిప్పడం వేరు. ఆయన చేతిలో ఉన్న చక్రానికీ నా కారు టైర్లకూ మధ్య గోడ, మా వీధి, ఊరు, అన్ని మైళ్ల గట్టు ఉన్నాయి.

ఆయన మాత్రం దీన్ని వింతగా చెప్పలేదు. ఆ సాయంత్రం నేను పక్కన కూర్చుంటే కొట్టు సంగతి చెప్పినట్టు చెప్పారు.

"వానలకి గట్టు ఎడం పక్క మెత్తబడిపోద్దిరా. అటు లాగుతున్నావని తిప్పాను." భుజం నిమురుకుంటూ, "అయినా అంత చిన్న చక్రమేమిట్రా? చచ్చే బరువుంది. మలుపుల్లో నీకెలా తిరుగుతోంది?" అన్నారు.

పవర్ స్టీరింగ్ లేని కారుకు చక్రం చిన్నదైతే తిప్పడానికి బరువు పెరుగుతుంది. బిగించిన మొదటి రోజే నాకది తెలిసింది. పట్టుబట్టి మార్చినవాణ్ని కనుక ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్నగారు ఆ చక్రాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆయన తిప్పింది గోడ మీది పెద్ద చక్రం. లేచి వెళ్లి దాని బోల్టు చూశాను. నేను వదులు చేసి పెట్టినట్టే ఉంది. వేలితో తోస్తే తిరుగుతోంది.

ఆయన చెయ్యి మరుసటి రోజుకి మళ్లీ మామూలే. గ్లాసు జారింది. తర్వాత నెలల్లో మేడమ్ చేయించిన వ్యాయామంతో మెల్లగా వేళ్లు కదలడం మొదలైంది. ఇప్పుడు తువ్వాలు పిండుకోగలుగుతున్నారు. అది వైద్యం వల్లే. అందులో నాకు అనుమానం లేదు.

పాత చక్రం తిరిగి కారుకు బిగిస్తానని ఆయనతో అన్నాను. తేల్చేశావన్నమాట అని ఆయన అన్నది నాకింకా గుర్తుంది. ఆయన ఒప్పుకోలేదు.

"ఇప్పుడు కాదు. డాక్టరు గారు తోలమన్న రోజున బిగించు. ఆ రోజు నీ బుల్లి చక్రం ఈ గోడకి పెడదాం. నేను తోలతా, నువ్వు కూర్చుని తిప్పు."

"తిప్పితే ఏమవుతుంది నాన్నగారూ?"

"అప్పుడు తెలుస్తుందిగా."

మొన్న దసరాకు రెండు చక్రాలకూ పసుపు దారం కట్టారు. ముడి వేయడానికి ఎడమ చెయ్యి కూడా కొంచెం సాయం పట్టింది.

నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. మా నాన్నగారు బతికే ఉన్నారు కనుక ఇది దయ్యం కథ కూడా కాదు. ఆ పొద్దున్న రాడ్డును తిప్పిన బలం ఏమిటని ఎవరైనా అడిగితే తెలియదనే చెబుతాను. రోజూ బయలుదేరే ముందు మాత్రం ఒకసారి హారన్ కొడతాను. వరండాలో ఆయన కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినిపిస్తుంది. అది విన్నాకే గేరు వేస్తాను.