నొప్పి పుట్టని భుజం

నేను ఒమన్‌లోని రుస్తాఖ్‌లో తుపాకులు, వేట సామాన్లు అమ్మే షాపులో కొత్తగా చేరిన రోజులవి. మా పాత కస్టమర్ సయీద్ బాబా ఎల్క్ వేటకు కజకిస్తాన్ వెళ్తూ, "రైఫిల్ అక్కడే అద్దెకిస్తారు. పెద్ద కాలిబర్, అంటే లావు గుండు పేలిస్తే, అది వెనక్కి తన్నే దెబ్బకు నా భుజం పట్టేస్తుంది. ఏది కావాలని చెప్పను?" అని హిందీలో అడిగాడు.

ఎల్క్ అంటే మన జింకలాంటిదే అనుకున్నాను. తెలియదనడానికి నామోషీ అనిపించి, "చిన్న కాలిబర్, తేలిక గుండు చాలు బాబా. భుజానికి తెలియను కూడా తెలియదు" అని ధీమాగా చెప్పేశాను.

తిరిగొచ్చాక ఆయన ఫోన్‌లో వీడియో చూపించాడు. గుర్రమంత జంతువు! నేను చెప్పిన గుండు దాని భుజం ఎముక దగ్గరే ఆగిపోయినట్టుంది. కూలలేదు. ముందుకాలు ఈడ్చుకుంటూ అడవిలోకి వెళ్లిపోయింది. ఎంత వెతికినా దొరకలేదట.

తిట్లకు సిద్ధపడ్డాను. ఆయన మాత్రం నేస్తాన్ని పిలిచినట్టు, "నువ్వు చెప్పింది నిజం సదీక్, భుజం అస్సలు నొప్పి పుట్టలేదు" అని నవ్వి, ఖర్జూరాల డబ్బా చేతిలో పెట్టాడు.

రూమ్‌లో అందరూ తిన్నారు. "నువ్వేమన్న కాల్చినవా? తినరాదూ" అన్నాడు నా రూమ్మేట్ మల్లేశ్. నా వంతు కూడా వాడి ముందుకే జరిపాను. ఇప్పటికీ ఎవరైనా భుజం నొప్పి అంటే, ఆ ఈడ్చిన కాలే కళ్ల ముందు కదులుతుంది.