మగ్గం మరవని కాలు

నాచారం గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ తొక్కడానికి ఒక్క కాలు చాలు. అండాలుకు మాత్రం ఎడమకాలు కూడా ఊరికే ఆడుతుంది. పుట్టపాకలో పదేళ్లు మగ్గం తొక్కిన కాలది. ఊరొదిలి పందొమ్మిదేళ్లయినా మాట వినదు.

డిజైన్ చదివే కూతురు హారికకు కాలేజీలో తెలుగు అక్షరం ఒకటి బట్టలో నేయమన్నారు. ఆదివారం చిల్కానగర్ గదిలో అండాలు కిటికీ ఊచలకు నూలు లాగి కట్టింది. హారిక గళ్ల కాగితం మీద గీసిన ‘అ’ను చూస్తూ, అక్షరం పడే చోటల్లా రంగు అంటకుండా సైకిల్ ట్యూబు పీలికలు బిగించింది. రంగులో ముంచి, ఆరాక విప్పితే ఎర్రటి నూలు మీద తెల్లటి ‘అ’ తేలింది.

“అంచులు చెదిరినయమ్మా. సార్ ఊకోడు.”

“చెదిరితేనే కట్టి నేసిన బట్ట. సాఫుగుంటే అచ్చేసిందంటరు. చెప్పు మీ సారుకు!”

హారిక నవ్వి నూలును సంచిలో సర్దుకుంది. “రేపు కాలేజీ మగ్గం మీద నేస్త.”

అండాలు చేతులు తుడుచుకోవడం ఆపింది. “మగ్గముందా? నన్నొక్కసారి కూసోనిస్తరా బిడ్డా?”

“అది బల్ల మీద పెట్టే చిన్నదమ్మా. చేతులతోనే నడుస్తది. కాళ్లతో పనే ఉండదు.”

అండాలు సరేనన్నట్టు తలూపింది. సోమవారం మిషన్ కింద ఆమె ఎడమకాలు పొద్దంతా ఆడుతూనే ఉంది.