ఎడమకాలి కడియం

మావాడి ఆరో నెల ఇంట్లో అందరికీ పండగ, నాకు మాత్రం గుండెదడ. మా ఆయన నా మేనమామ కొడుకే. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు లక్షణం మా ఇద్దరిలోనూ దాగి ఉందని బాబు పుట్టి పరీక్షలు చేశాక గానీ తెలియలేదు. అటునుంచీ ఇటునుంచీ వాడికే చేరింది.

అయినా వాడికి ఏమీ లేదు. పాలు తాగుతాడు, నవ్వుతాడు, నా జుట్టు పట్టి పీకుతాడు. "మరి జబ్బేదమ్మా?" అని డాక్టరమ్మను కాస్త పెడసరంగానే అడిగాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ హిమోగ్లోబిన్ తయారీకి ఒక జీన్ పనిచేస్తుందట. పుట్టాక నెలలు గడిచేకొద్దీ అది చాలావరకు ఆగిపోయి, పెద్దవాళ్ల జీన్ ఆ పని అందుకుంటుందట. మావాడి దోషమంతా ఆ రెండోదానిలో ఉంది. పాతది నడిచినన్నాళ్లే వాడికి రక్ష. తొమ్మిదో నెలలో మందు మొదలుపెడితే ఆ పాతది మళ్లీ కొంత పనిచేస్తుందంది.

"ఈలోపు చేతులు, పాదాలు చూస్తుండు. వాపొచ్చి, ముట్టుకుంటే ఏడిస్తే జల్దీ తీస్కరా."

ఆనాటి నుంచి నాకదే పని. ఖానాపురం హవేలిలో మా వీధి ఆడవాళ్లు బట్టలు ఆరేస్తూ కబుర్లాడుకుంటుంటే, నేను వాడి వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసుకునేదాన్ని. వాడి ఒంట్లో ఆ జీన్ చప్పుడు లేకుండా ఆగిపోతుంటే, కన్నతల్లినై ఉండీ నాకు తెలియకపోవడమేమిటని ఒళ్లు మండేది.

అత్తమ్మ అన్నప్రాశనకు ముహూర్తం పెట్టించింది. వచ్చే నెల చూద్దామన్నాను. "ఆరో నెల దాటితే మంచిగుండదు బిడ్డా. ఊకే గట్ల భయపడకు" అంది. ముహూర్తం ఆపితే ఆ జీన్ మారడం కూడా ఆగుతుందన్నట్టు మాట్లాడానని తర్వాత నాకే నవ్వొచ్చింది.

బాబుకి మేనమామ కాబట్టి మా తమ్ముడు కారేపల్లి నుంచి వెండి కడియాలు తెచ్చాడు. పాయసం తినిపించే ముందు తొడగబోయాడు. కుడికాలికి సులువుగా ఎక్కింది. ఎడమకాలికి ఎక్కలేదు. కొంచెం తోసేసరికి వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

"అల్లుడు ఒళ్లు చేసిండక్కా! పాదం బూరె లెక్క అయింది" అని తమ్ముడు నవ్వాడు.

"మా కోడలి పాలల్ల బలం గట్లుంది" అని అత్తమ్మ మురిసిపోయింది. "జర నూనె రాస్తే అదే ఎక్కుతది."

నూనె చేత్తో పాదం పట్టుకున్న ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఏంది బిడ్డా, గింత వేడిగుంది?"

"ఒళ్లు చేస్తే రెండు పాదాలూ చెయ్యాలె గదా అత్తమ్మా" అన్నాను. వాణ్ణి ఎత్తుకుని లేచాను.

తమ్ముడు ఆటో కోసం పరుగెత్తాడు. దవాఖానా దాకా నేను వాడి కుడికాలే పట్టుకుని కూర్చున్నాను. ఎడమకాలి మీద నా చూపు కూడా పడనివ్వలేదు, నొప్పి పుడుతుందేమోనని.